ప్రాణహిత రాక్షసిబల్లులు - పాత వైజ్ఞానిక కల్పనలు

1958 ఏప్రిల్‌లో అమెరికా దేశపు మాసపత్రిక ఒకదానిలో బ్రయన్ ఆల్డిస్ అను ఆంగ్ల రచయిత కథ అచ్చయినది. అందులో క్లాడ్ ఫోర్డ్ అనువాడు భవిష్యత్కాలపు మనిషి. తన బ్రతుకుపై విసుగుపుట్టి కాలయంత్రమెక్కి, కోట్ల సంవత్సరాలు వెనుకకు పోయి, బురదలో ప్రాకుచు, నీటి అంచున మేయుచున్న బ్రాంటోసారస్ అను కొండంత జంతువును తుపాకితో కాల్చును. జంతువు చచ్చును. కాని దాని దేహమును పట్టుకొని బ్రతుకుచుండిన పెద్ద పెద్ద పరాన్నజీవులు ఆశ్రయము పోగా బయటికి వచ్చి వేటగానినే బలిగొనును.

ఆ యేడే మన దేశములో, ప్రాణహిత గోదావరిలో కలియు చోటికి దాపున, కాళేశ్వరమునకు ఆవలి ఒడ్డున నున్న సిరోంచ తాలూకాలో, అదే జాతి కుటుంబమునకు చెందిన మహాకాయము ఎముకలు మొదటిసారిగా శాస్త్రజ్ఞుల కంటబడినవి. ఆల్డిస్‌కు ఈ ఎముకల సంగతి తెలియదు. ఎముకలు చూచినవారికి ఆ కథతో పనిలేదు. అయినను నేడు ఆ కథను తీసి చదువువారు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన యెడల ఒక విషయము తేటపడును.

1950-60 నడుమ వెలువడిన వైజ్ఞానిక కల్పన కథలకు ఇటీవల మరల పాఠకులు కలుగుచున్నారు. పాత సంచికలలోని కథలు సంపుటములుగా వచ్చుచున్నవి. చదివినవారిలో కొందరు చిన్ననాటి ముచ్చటగా చదివి ఊరకుందురు. కొందరు అందులోని సైన్సు తప్పని తేల్చి పుస్తకము మూయుదురు. ఈ రెండవ తరగతివారిలో విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఎక్కువ. వారి ఆక్షేపణ న్యాయమైనదే. కాని తప్పు అని మనకు ఎట్లు తెలిసినది? ఎవరు, ఎప్పుడు, దేనిని చూచి ఆ తప్పును పట్టుకొన్నారు? ఆ ప్రశ్న వేసికొన్నవానికి పాత కథ మంచి పాఠ్యపుస్తకము కాగలదు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు పాఠకునికి ఇది మరింత సులభము. ఏలనగా సాక్ష్యము అతని కాలిక్రిందనే ఉన్నది.

ఈ ప్రాంతమునకు బొగ్గుబావుల వలన పేరు వచ్చినది. రామగుండము, మందమర్రి, బెల్లంపల్లి గనులలోని బొగ్గు ఇరువదియైదు కోట్ల సంవత్సరాలకు పూర్వపు అడవుల శేషము. ఆ బొగ్గు పొరలపైని, కాలక్రమమున ఎఱ్ఱబంకమన్ను, ఇసుకరాయి, సున్నపురాయి పొరలు పేరుకొన్నవి. ఆసిఫాబాదు ప్రాంతములోని మాలేరి అను ఊరి పేరిట ఒక శిలాసముదాయము, ప్రాణహిత ఒడ్డునున్న కోట అను ఊరి పేరిట మరియొకటి ప్రపంచపు భూగర్భశాస్త్ర గ్రంథములలో నిలిచిపోయినవి. మాలేరి శిలలు సుమారు ఇరువదిరెండు కోట్ల ఏండ్లనాటివి. కోట శిలలు అంతకంటె చిన్నవి, జురాసిక్ యుగపువి. సుమారుగా పదునెనిమిది కోట్ల ఏండ్లనాటివని చెప్పవచ్చును.

కోట సున్నపురాతిలో చేపల శిలాజములున్నట్లు పందొమ్మిదవ శతాబ్ది నడిమిభాగముననే లోకమునకు తెలిసినది. మాలేరిలో దొరికిన ముక్కువంకర సరీసృపమునకు రిచర్డ్ లిడెకర్ 1880ల దశకములో టి. హెచ్. హక్స్‌లీ పేరు పెట్టినాడు. హక్స్‌లీ డార్విను పక్షమున నిలిచి వాదించిన జీవశాస్త్రజ్ఞుడు. 1884లో లండనులో ఆయన తరగతిలో కూర్చున్న విద్యార్థులలో ఒకడు హెచ్. జి. వెల్స్. ఆ విద్యార్థియే 1895లో కాలయంత్రమును కల్పించి నవల వ్రాసినాడు. ఆల్డిస్ కథలోని వేటగాడు ఎక్కిన యంత్రము ఆ వంశములోనిదే. హక్స్‌లీ మనుమడు ఆల్డస్ హక్స్‌లీ కూడ 1932లో ఒక కల్పన వ్రాసినాడు; మనుష్యులను సీసాలలో పెంచు సంఘము అందులోని వస్తువు. ఆ ఊహకు బీజము జె. బి. ఎస్. హాల్డేన్ 1923లో కేంబ్రిడ్జిలో చేసిన ప్రసంగము. ఈ హాల్డేన్ పేరు మరల ప్రాణహిత ఒడ్డుననే వినబడును.

హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తాకు వచ్చి, ప్రశాంతచంద్ర మహలనోబిస్ నడుపుచుండిన భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరినాడు. లెక్కల సంస్థలో ఎముకల శాస్త్రమునకు చోటెక్కడిదని తోచవచ్చును. మహలనోబిస్ దృష్టి విశాలమైనది. ప్రకృతిలో కొలువదగినది ఏదైనను సంస్థ పరిధిలోనిదేనని ఆయన భావము. ఆ రోజులలోనే లండను యూనివర్సిటీ కాలేజీ నుండి పామెలా రాబిన్సన్ అను శిలాజశాస్త్రజ్ఞురాలు వచ్చి సంస్థలో భూగర్భ పరిశోధన శాఖకు పునాది వేసినది. గోదావరి, ప్రాణహితల లోయ పరిశోధనకు అనువైనదని ఎంచుకొన్నారు. 1958లో మొదటి ఎముకలు కనబడగా, 1960, 61 సంవత్సరాలలో పోచంపల్లి అను గ్రామము దగ్గర క్రమమైన త్రవ్వకము జరిగినది. ఇది చేనేతకు పేరుబడిన పోచంపల్లి కాదు. సిరోంచ వైపునున్న పల్లె.

276 చదరపు మీటర్ల చోటులో సుమారు 300 ఎముకలు దొరికినవి. అవి కనీసము ఆరు జంతువులవి. ఒక తొడఎముక పొడవు 1.7 మీటర్లు. అనగా మధ్యరకపు మనిషి నిలువెత్తు. ఎముకలతోపాటు పెద్ద పెద్ద చెట్టు మ్రాకులు రాయిగా మారి కలిసియున్నవి. ఒక మంద వరదలో చిక్కి, కూలిన చెట్లతోపాటు కొట్టుకొనివచ్చి ఒకచోట మేటవేసియుండునని పరిశోధకులు ఊహించినారు. గోదావరి వరదను చూచినవారికి ఈ ఊహలో వింత తోచదు.

శిలాజపు ఎముకను పెళ్ళగించి తీయరాదు. చుట్టునున్న రాతిని చిన్న ఉలులతో తొలగించి, పగుళ్ళకు జిగురు పట్టించి, గోనెగుడ్డ, ప్లాస్టరులతో కట్టుకట్టి, అడుగున మన్నుతోకూడ లేపవలెను. ఇంత పని జరిగిన పిదప ఎముకలు కలకత్తా చేరినవి. అక్కడ శుభ్రపరచుట, పోల్చుట, వర్ణించుట అయ్యేసరికి 1975 వచ్చినది. ఆ యేడు సోహన్‌లాల్ జైన్, టి. ఎస్. కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ కలిసి ఆ జంతువునకు బారాపాసారస్ టాగోరై అని నామకరణము చేసినారు. బారా అనగా పెద్ద, పా అనగా కాలు, పెద్దకాళ్ళ బల్లి. త్రవ్వకము జరిగిన 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరము కనుక ఆయన పేరు చేరినది. కవి పేరు గల రాక్షసిబల్లి లోకములో అరుదు. 1977లో ఆ అస్థిపంజరమును కలకత్తాలోని సంస్థ మ్యూజియములో నిలబెట్టినారు.

ఇన్ని ఎముకలలో తల లేదు. కొన్ని పండ్లు మాత్రము దొరికినవి.

ఇక్కడ కరీంనగరు సంగతి ఒకటి చెప్పవలసియున్నది. త్రవ్వకములు జరుగుచుండిన ఆ 1959-61 సంవత్సరాలలో, అచటికి సుమారు నూరు కిలోమీటర్ల దూరములో, కరీంనగరు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండినవారు కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ. ఆయన అప్పటికే హాహాహూహూ అను చిన్న నవల వ్రాసియున్నారు. పురాణములలో హాహా, హూహూ అనువారు గంధర్వులు. నవలలో గుఱ్ఱపు తల, మనుష్య దేహము, పట్టుబట్టలు, నగలు గల ప్రాణి ఒకటి ఒకనాటి ఉదయము లండను నగరపు ట్రఫాల్గరు కూడలిలో కనబడును. దాని మాట ఎవరికిని తెలియదు. అది మృగమా, మనిషియా, మరేదైననా అని పండితులలో వాదము పుట్టును. 2018లో వెల్చేరు నారాయణరావు చేసిన ఆంగ్లానువాదము వచ్చిన తరువాత ఈ నవల తెలుగు రానివారి చేతులకును చేరినది.

దీనిని వైజ్ఞానిక కల్పన అనవచ్చునా? యంత్రము లేదు, రాకెట్టు లేదు, గ్రహాంతరయానము లేదు. విశ్వనాథవారు వినినచో ఆ వర్గీకరణమునకు నవ్వియుందురేమో. కాని అదే కాలపు ఆంగ్ల కథలలో ఆకాశమునుండి దిగిన గ్రహాంతరవాసి ఏ పని చేయునో, ఇందులో గంధర్వుడు అదే పని చేయును. తెలియని ప్రాణిని ఎదుట నిలిపి, తెలిసినవారమనుకొనువారి తెలివిని పరీక్షించును. పడమటి శాస్త్రజ్ఞుల ధీమాపై ఆయనకు గల అపనమ్మకము పుటపుటకు కనబడును. కొన్నిచోట్ల ఆ విసురు మోతాదు మించినదనియే చెప్పవలెను. ప్రయోగశాలలో కూర్చున్నవాడు అంత తెలివితక్కువవాడు కాడు. అయినను ఆయన పట్టుకొన్న లోపము నిజమైనది. ఎదుటనున్న దానిని, ముందే మనవద్దనున్న పెట్టెలలో ఏదో ఒకదానిలో ఇరికించుట మానవస్వభావము. తల చూచి గుఱ్ఱమనుటయు, చేతులు చూచి మనిషి అనుటయు అట్టిదే. రాక్షసిబల్లుల చరిత్రలో ఈ దోషము ఎంతకాలము పనిచేసినదో చూడుడు.

ఆల్డిస్ కథలో బ్రాంటోసారస్ బురదనీటి ఒడ్డున ఉన్నది. ఇది ఆయన సొంత కల్పన కాదు. ఆనాటి ప్రతి పుస్తకములోని బొమ్మ అదే. ఇంత బరువైన దేహమును నాలుగు కాళ్ళు నేలపై మోయజాలవనియు, అందుచేత నీరే దానిని తేల్చియుండుననియు, పొడవైన మెడను పైకెత్తి నీటి అడుగునుండి ఊపిరి పీల్చుచుండెననియు పలువురు భావించినారు. చిత్రకారులు అట్లే చిత్రించినారు. పిల్లలు అట్లే నేర్చినారు.

దీనిపై దెబ్బ భౌతికశాస్త్రము నుండి వచ్చినది. 1951లో ఇంగ్లండులో కెన్నెత్ కెర్మాక్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న వ్యాసములో సామాన్యమైన ప్రశ్న వేసినాడు. తల నీటిపైన, ఊపిరితిత్తులు నీటిలో ఎన్నో మీటర్ల లోతున ఉన్నచో ఆ జంతువు గాలి ఎట్లు పీల్చును? నీటిలో 10 మీటర్లు దిగినకొలదిని వాతావరణపీడనమంత పీడనము అదనముగా చేరును. ఛాతి 6 మీటర్ల లోతున ఉన్నదనుకొనుడు. అప్పుడు ఛాతిపై ప్రతి చదరపు మీటరు మీదను 6 టన్నుల నీటి బరువు నొక్కుచుండును. ఊపిరితిత్తులలోని గాలి మాత్రము పైనున్న ముక్కుద్వారా బయటి గాలితో కలిసియుండుట చేత మామూలు పీడనములోనే ఉండును. ఈ తేడాను నెట్టుకొని ప్రక్కటెముకలు విచ్చుకొనవలెను. ఏ కండరములకును అంత బలము లేదు. మనిషి కూడ గొట్టము నోట పెట్టుకొని మీటరు లోతునకు దిగినచో ఊపిరి కొరకు అల్లాడిపోవును. జలస్తంభన విద్యతో మడుగులో దాగిన దుర్యోధనుని సంగతి వేరు. ఈ జంతువునకు ఆ విద్య రాదు.

గమనింపదగినది ఇది. కెర్మాక్ వ్యాసము వచ్చిన ఏడేండ్లకు ఆల్డిస్ కథ వచ్చినది. అయినను బొమ్మ మారలేదు. ఒక సంఖ్య మనస్సునకెక్కుటకు పట్టు కాలము కంటె ఒక బొమ్మ మనస్సునుండి దిగుటకు పట్టు కాలము ఎక్కువ.

దీనికంటె విచిత్రమైన ఉదాహరణము అమెరికాలో కలదు. 1938లో రోలండ్ బర్డ్ అను శిలాజ సేకరణకర్త టెక్సస్ రాష్ట్రములోని పాలక్సీ అను ఏటి గర్భములో రాక్షసిబల్లుల అడుగుజాడలు చూచినాడు. 1940లో వాటిని రాతితోపాటు త్రవ్వి న్యూయార్క్ మ్యూజియమునకు చేర్చినాడు. మహాకాయముల గుండ్రని అడుగులు వరుసగా ఉన్నవి. కాని వాటి నడుమ తోక ఈడ్చిన చార లేదు. బర్డ్ దీనిని శ్రద్ధగా గమనించినాడు. ఆ జంతువు తోక నేలనీడ్చునని అందరును ఎరుగుదురు గదా! మరి చార ఎందుకు లేదు? నీటిలో నడచినది కాబట్టి తోక తేలియుండునని ఆయన సమాధానపడినాడు. సాక్ష్యము కంటి ఎదుటనే ఉన్నది. తోకను గాలిలో ఎత్తిపట్టి నేలపై నడచినదని ఆ రాయి చెప్పుచున్నది. పాత బొమ్మ మనస్సులో నుండుటచే దానిని మరియొక రీతిగా చదివినారు. విశ్వనాథవారి లండను పండితులు ఇక్కడ జ్ఞాపకము రాక మానరు.

1968 మొదలు రాబర్ట్ బక్కర్ ఈ జంతువులు చురుకైనవని, నేలపై తిరిగినవని వాదము లేవదీసినాడు. 1975లో వాల్టర్ కూంబ్స్ కాళ్ళు, పాదములు, ప్రక్కటెముకల నిర్మాణము ఏనుగువలె నేలపై సంచరించు జంతువుల తీరునకు సరిపోవుచున్నదని వివరముగా చూపినాడు. బారాపాసారస్‌కు పేరు పెట్టినదియు ఆ యేడే. ప్రాణహిత జంతువు కాళ్ళు స్తంభములవలె దేహమునకు నేరుగా క్రిందనున్నవి. దాని వెన్నుపూసల ప్రక్కలు లోనికి కొంచెము గుంటపడియున్నవి. బలము తగ్గకుండ బరువు తగ్గు ఈ ఏర్పాటు తరువాతి కాలపు మహాకాయములలో పెద్ద బోలుగదులుగా పెరిగినది. అనగా ఈ కుటుంబము నేలపై బరువు మోయు విద్యను అభ్యసించుచున్న తొలిదశ మన లోయలోని ఎముకలలో కనబడుచున్నది. వీటిని త్రవ్వినవారు చిన్ననాట చూచిన బొమ్మలలో మాత్రము ఇది నీటిలో మునిగియే ఉన్నది.

ఇక రే బ్రాడ్‌బరీ. ఆయన 1952లో వ్రాసిన ఉరుము శబ్దమను కథ ఈ తరగతి కథలన్నిటిలోను పేరుపొందినది. సొమ్ము తీసికొని కాలయంత్రములో వేటకు తీసికొనిపోవు కంపెనీ ఒకటి ఉండును. వేటగాండ్రు గాలిలో అమర్చిన దారి విడిచి నేలపై కాలు మోపరాదు. మరికొన్ని నిమిషములలో ఎట్లును చావనున్న జంతువునే కాల్చవలెను. ఎకెల్స్ అనువాడు టిరనోసారస్‌ను చూచి బెదరి దారి తప్పును. తిరిగి వచ్చేసరికి ప్రపంచము కొద్దిగా మారియుండును. ఎన్నికలో ఓడినవాడు గెలిచియుండును, భాషలో అక్షరముల కూర్పు మారియుండును. చూడగా ఎకెల్స్ జోడుకు బురదలో నలిగిన సీతాకోకచిలుక అంటుకొనియుండును.

ఇందులోని టిరనోసారస్ ముప్పది అడుగుల ఎత్తున చెట్లపైకి లేచి నిలుచును. అది 1915లో న్యూయార్క్ మ్యూజియములో నిటారుగా నిలబెట్టిన అస్థిపంజరపు భంగిమ. నేడు ఆ భంగిమ లేదు. తోకను వెనుకకు చాచి, వెన్నును నేలకు సమాంతరముగా నుంచి, తుంటిపై త్రాసువలె తూగుచు అది నడచినదని నిర్ణయమైనది. 1990లలో ఆ అస్థిపంజరమును కూడ విప్పి మరల కూర్చినారు. తుంటి ఎత్తు సుమారు 4 మీటర్లు, అనగా 13 అడుగులు. భయపడుటకు అది చాలును.

రాక్షసుని విషయములో తప్పిన బ్రాడ్‌బరీ సీతాకోకచిలుక విషయములో తప్పలేదు. సీతాకోకచిలుకలు సుమారు 10 కోట్ల ఏండ్ల క్రిందట పుట్టినవని వంశవృక్ష పరిశోధనలు సూచించుచున్నవి. టిరనోసారస్ 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట అంతరించినది. రెండును ఒకే కాలములో ఉండదగినవే. ఈ కథను ప్రాణహిత ఒడ్డునకు మార్చి వ్రాయదలచినవాడు మాత్రము జాగ్రత్తపడవలెను. బారాపాసారస్ కాలమున పూవులు పూయు చెట్లు లేవు. కోట శిలలలో కనబడునవి శంకువులు కాయు వృక్షములు, సైకాస్ వంటి మొక్కలు. పూవు లేనిచోట సీతాకోకచిలుక ఉండదు.

దానికి బదులు ఎలుక దొరకును. బ్రాడ్‌బరీ కథలో వేట నడుపువాడు ఎకెల్స్‌కు చేయు హెచ్చరికలో మొదటి ఉదాహరణము ఎలుకయే. ఒక ఎలుకను త్రొక్కిన దాని సంతతి పోవును, దానిని తినవలసిన నక్క పోవును, నక్కతో బ్రతుకవలసినది పోవును అని గొలుసు కట్టి చెప్పును. కోట శిలలలో, మహాకాయముల ఎముకలున్న సముదాయములోనే, ఎలుక పరిమాణపు తొలి క్షీరదముల పండ్లు దొరికినవి. ఒక పంటి ఆధారముగా 1981లో పేరు పెట్టిన ప్రాణి కోటాథీరియం హాల్డేనై. హాల్డేన్ పేరు ఇక్కడ చేరినది. పంటి పొడవును మిల్లీమీటర్లలో కొలువవలెను. బారెడు తొడఎముకను వెదకువాడు దానిని చూడలేడు. మన్ను కడిగి, జల్లెడపట్టి, సూక్ష్మదర్శినితో వెదకవలెను. టన్నుల బరువుగల జంతువుల కాళ్ళ నడుమ తిరిగిన ఇట్టి ప్రాణుల వర్గమునకే ఏనుగు, పులి, మనిషి చెందియున్నారు. బ్రాడ్‌బరీ కట్టిన గొలుసు ఎంతవరకు నిజమో ప్రయోగము చేసి చూచుటకు వీలులేదు. కాని చిన్న భేదము పెద్ద భేదమునకు దారితీయు వ్యవస్థలున్నవని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో వాతావరణ సమీకరణములతో నిరూపించినాడు. 1972లో ఆయన చేసిన ప్రసంగము శీర్షికలో సీతాకోకచిలుక కూడ వచ్చి వాలినది.

మూడవ కథ ఆర్థర్ క్లార్క్ 1950లో వ్రాసినది. కాలము యొక్క బాణము అని దాని పేరు. తక్కిన రెండింటికంటె దీనిని తక్కువమంది ఎరుగుదురు; శిలాజశాస్త్ర విద్యార్థి మొదట చదువవలసినది ఇదియే. ఇందులో వేటగాడు లేడు. ఒక ఆచార్యుడు, ఇద్దరు సహాయకులు రాతిలోని రాక్షసిబల్లి అడుగుజాడలను అంగుళమంగుళముగా త్రవ్వుచుందురు. సమీపమున భౌతికశాస్త్రజ్ఞుల రహస్య ప్రయోగశాల ఒకటి ఉండును. త్రవ్వినకొలదిని అడుగుల నడుమ దూరము పెరుగుచుండును. జంతువు పరుగెత్తినదని వారు గ్రహింతురు. దేనికొరకు పరుగెత్తినది? ప్రయోగశాలకు చూడబోయిన ఆచార్యుడు తిరిగి రాడు. చివరకు కోట్ల ఏండ్లనాటి ఆ రాతిలో జీపు చక్రపు జాడ, దానిపై జంతువు అడుగు బయటపడును.

కాలయంత్రమును తీసివేసినను ఈ కథలోని శాస్త్రము చెడదు. అడుగుల నడుమ దూరమునుండి వేగమును కనుగొనుటకు లెక్క ఉన్నది. 1976లో మెక్‌నీల్ అలెగ్జాండర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని ఏర్పరచినాడు. పాదముద్ర పొడవునకు నాలుగు రెట్లు తుంటి ఎత్తు అని సుమారుగా లెక్కింపవలెను. ఒకే పాదపు వరుస ముద్రల నడుమ దూరమును ఆ ఎత్తుతో భాగింపవలెను. ఫలితము 2 కంటె తక్కువైనచో నడక, 2.9 దాటినచో పరుగు. ముద్ర అర మీటరు ఉన్న జంతువును తీసికొనుడు. తుంటి ఎత్తు 2 మీటర్లు. ముద్రల దూరము 2.6 మీటర్లున్నచో అది గంటకు 6 కిలోమీటర్ల నడక, అనగా త్వరగా నడచు మనిషి వేగము. దూరము 6 మీటర్లకు పెరిగినచో వేగము 25 కిలోమీటర్లగును. క్లార్క్ కథలోని ఆచార్యునికి ఈ సూత్రము లేదు. దూరము పెరిగినకొలదిని వేగము పెరుగునను ఇంగితము మాత్రము ఉన్నది. ఇరువదియారేండ్ల తరువాత వచ్చిన సూత్రము దానినే అంకెలలో చెప్పినది. మహాకాయముల జాడలకు ఈ లెక్క వేయగా దాదాపు అన్నిచోట్లను నడకయే వచ్చుచున్నది.

మూడు కథలను వరుసగా చదివినవానికి ఏది పాడైనదో, ఏది నిలిచినదో వేరుచేయుట కష్టము కాదు. జంతువు రూపమును గూర్చి రచయిత ఆనాటి పుస్తకమునుండి ఎరువు తెచ్చుకొన్నదంతయు పాడైనది. జంతువును గూర్చి ఎట్లు తెలిసికొందుమని రచయిత తానుగా ఆలోచించినది చెడలేదు. ఆల్డిస్‌కు ఈ లెక్కలో మార్కులు తక్కువ. అయినను ప్రతి పెద్ద జంతువు మీదను చిన్న జంతువులు బ్రతుకునని గుర్తుచేసినందుకు ఆయనకు కొన్ని ఇవ్వవలెను. శిలాజములలో పురుగు జాడ దొరకుట కష్టము. కథకుడు చెప్పకున్నచో చాలమందికి అది తోచియుండదు.

పోచంపల్లితో ఈ లోయ కథ ముగియలేదు. 1970ల చివర భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు ప్రాణహితకు ఈవలి ఒడ్డున, నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి దగ్గర, 2,400 చదరపు మీటర్ల మేర త్రవ్వి 840 ఎముకలు తీసినారు. అవి కనీసము 12 జంతువులవి. 1988లో పి. యాదగిరి దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టినారు. ఒక తెలుగు పల్లె పేరు లాటిను ప్రత్యయముతో ప్రపంచపు జంతువుల పట్టికకు ఎక్కినది. జంతువు పొడవు సుమారు 9 మీటర్లు. అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రములో ఉన్నది. 2016లో జిల్లాలు విడిపోయిన తరువాత యామనపల్లి మంచిర్యాల జిల్లాలోనిది, మాలేరి కుమ్రంభీము ఆసిఫాబాదు జిల్లాలోనిది, కాళేశ్వరము కరీంనగరునుండి వేరుపడి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది అయినవి. పాత పుస్తకములలో ఆదిలాబాదు అని చదివినవారు ఈ మార్పును గుర్తుంచుకొని వెదకుకొనవలెను. యామనపల్లి బాలుడు తన ఊరి జంతువును చూడవలెనన్న హైదరాబాదుకు పోవలెను. పోచంపల్లి బాలుడైనచో కలకత్తాకు.

ఈ రెండవ జంతువునకును తల దొరకలేదు. పండ్లు మాత్రమే దొరికినవి. ఇది యాదృచ్ఛికము కాదు. ఈ జాతి జంతువులలో పుఱ్ఱె చిన్నది, పలుచని ఎముకలతో కూర్చబడినది. మెడతో దాని కీలు బలహీనమైనది. కళేబరము వరదలో దొర్లినప్పుడు మొదట ఊడి కొట్టుకొనిపోవునది అదియే. పండ్లు గట్టివి కనుక మిగులును. ఆ పండ్ల అంచులలో గరుకైన నొక్కులున్నవి. ఆకులను త్రుంచుటకు అనువైనవి. అవి ఎట్టి ముఖములో అమరియుండెనో, ముక్కురంధ్రములు ఎక్కడ నుండెనో ఆ ఎముకల వలన తెలియదు. మ్యూజియములలోను, పుస్తకములలోను చిత్రకారులు వేయు బారాపాసారస్ తల దాని చుట్టముల తలలను చూచి వేసినది.